‘మార్గదర్శకాలు’ వచ్చాయంటే ఏం వచ్చినట్టు?

2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ కేంద్రాల మీద మార్గదర్శకాలు విడుదల చేసింది. పదహారేళ్లు నిండని పిల్లలను, పదో తరగతి పరీక్ష పూర్తికాని పిల్లలను చేర్చుకోరాదని, ర్యాంకులు గ్యారంటీ అంటూ ప్రచారం చేయరాదని అందులో ఉంది. ఉల్లంఘిస్తే మొదటిసారి 25 వేల రూపాయలు, రెండోసారి లక్ష రూపాయలు జరిమానా, ఆపైన రిజిస్ట్రేషన్ రద్దు అని కూడా ఉంది. ఆ వార్త వచ్చిన రోజు సాయంత్రమే నరసరావుపేట నుంచి మా పెద్దమ్మగారి అబ్బాయి ఫోన్ చేశాడు. కొడుకును ఎనిమిదో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్ సెక్షన్‌లో చేర్చడానికి అప్పటికే అడ్వాన్సు కట్టి ఉన్నాడు. “ఏరా, కేంద్రం మార్గదర్శకాలిచ్చేసిందట కదా, కట్టిన డబ్బులు వెనక్కిస్తారా?” అన్నాడు. ఎవరూ ఏమీ వెనక్కివ్వలేదు. జూన్‌లో ఆ సెక్షన్ ఎప్పటిలాగే మొదలైంది. అప్పుడు మళ్లీ ఫోన్ చేసి, “మరి ఆ మార్గదర్శకాలు?” అన్నాడు.

ఈ వ్యాసం ఆ ‘మరి’ గురించే. గైడెన్స్, గైడ్‌లైన్స్, మార్గదర్శకాలు, మార్గదర్శనం అన్న మాటలు రోజూ పేపర్లో కనిపిస్తాయి. లాక్‌డౌన్‌కు మార్గదర్శకాలుంటాయి, ఇన్ఫోసిస్ గైడెన్స్ ఇస్తుంది, రిజర్వు బ్యాంకు ముందస్తు సంకేతాలిస్తుంది, బెంగళూరులో ఫ్లాటు కొంటే గైడెన్స్ వాల్యూ అంటారు, సినిమా సర్టిఫికెట్టు మీద తల్లిదండ్రుల మార్గదర్శనం అని ఉంటుంది. వీటిలో కొన్నింటిని తప్పితే జైలు. కొన్నింటిని తప్పితే అడిగేవారే లేరు. మరికొన్నింటిని చెప్పినవారే తప్పవచ్చు, అదేమీ నేరం కాదు. మాట మాత్రం ఒకటే కావడంతో పాఠకుడు తికమకపడుతున్నాడు.

దారి చూపడం, దారిన నడపడం

గైడ్ అన్న మాట ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి, అక్కడి నుంచి మనకు వచ్చింది. మూలార్థం దారి చూపడం. మార్గదర్శనం అన్న మన మాటకూ అచ్చంగా అదే అర్థం. దారి చూపేవాడొకడు, నడిచేవాడు మరొకడు. నడవాలా వద్దా అన్నది నడిచేవాడి ఇష్టమని ఆ మాటలోనే ఉంది. గోల్కొండ కోటలో గైడు ఫతే దర్వాజా కింద నిలబడి చప్పట్లు కొట్టి, ఆ శబ్దం పైన బాలా హిస్సార్ దాకా వినిపిస్తుందని చెబుతాడు. పైకెక్కి విని చూస్తామా, కిందనే కూర్చుని మరమరాలు తింటామా అన్నది మన ఓపిక.

వాడుకలో మాత్రం ఈ మాట అలా ఉండిపోలేదు. బడిపిల్లవాడికి గైడ్ అంటే జవాబులన్నీ అచ్చువేసి ఉన్న పుస్తకం. పీహెచ్‌డీ చేసేవారికి గైడ్ అంటే పర్యవేక్షకుడు. ఆయన సంతకం లేనిదే సిద్ధాంత గ్రంథం గడప దాటదు కనుక ఆయన ‘సలహా’ను సలహాగా తీసుకునే ధైర్యం ఎవరికీ ఉండదు. ‘కలెక్టర్లకు ముఖ్యమంత్రి దిశానిర్దేశం’ అని పేపర్లో చదువుతాం. దిశానిర్దేశమంటే దిక్కు చూపించడమే అయినా, అది ఆజ్ఞ కాదనుకునే కలెక్టరు ఎవరూ ఉండరు. పరీక్ష ప్రశ్నపత్రం పైన ‘సూచనలు’ అని ఉంటుంది, అవి పాటించకపోతే మార్కులు పోతాయి. ఇక కౌన్సెలింగ్ సంగతి మరీ చిత్రం. పక్కన కూర్చోబెట్టుకుని మంచిచెడ్డలు మాట్లాడడం దాని అసలు అర్థం. మన రెండు రాష్ట్రాల్లో ఈఏపీసెట్ కౌన్సెలింగ్ అంటే సర్టిఫికెట్ల పరిశీలన, వెబ్ ఆప్షన్లు, సీటు కేటాయింపు. అందులో సలహా చెప్పేవారెవరూ ఉండరు.

మాటకూ బరువుకూ పొంతన లేదనడానికి రాజ్యాంగమే పెద్ద ఉదాహరణ. నాలుగో భాగంలో ఉన్న ఆదేశిక సూత్రాలకు పేరులోనే ‘ఆదేశం’ ఉంది. అయినా వాటిని ఏ న్యాయస్థానం ద్వారానూ అమలు చేయించుకోలేమని 37వ అధికరణం తేల్చిచెబుతుంది. దేశ పరిపాలనకు అవి మౌలికమైనవని, చట్టాలు చేసేటప్పుడు వాటిని అనుసరించడం రాజ్యం విధి అని కూడా అదే అధికరణం అంటుంది. మరోపక్క సుప్రీంకోర్టు ‘మార్గదర్శకాలు’ అని మెత్తటి పేరు పెట్టి ఇచ్చినవి మాత్రం చట్టంతో సమానంగా పనిచేశాయి. కనుక కాగితం మీద ఏ పేరు ఉందన్నది చూస్తే లాభం లేదు. ఆ కాగితం ఏ అధికారం నుంచి వచ్చింది, తప్పితే ఏమవుతుంది అన్నవి చూడాలి.

ఒకే విషయం మీద రెండు రకాల మార్గదర్శకాలు

కోచింగ్ కేంద్రాల విషయమే తీసుకుందాం. విద్య ఉమ్మడి జాబితాలో ఉంది. 2024 జనవరి పత్రం వెనక పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టమేదీ లేదు. అది రాష్ట్రాలకు పంపిన నమూనా. రాష్ట్రం దాన్ని తన చట్టంగానో, నియమాలుగానో మార్చుకుంటేనే అందులోని జరిమానాలకు ప్రాణం వస్తుంది. బీహార్ లాంటి రాష్ట్రం అంతకుముందే, 2010లోనే, కోచింగ్ సంస్థల నియంత్రణకు సొంత చట్టం చేసుకుంది. పైగా తెలుగు రాష్ట్రాల్లో ఈ శిక్షణ చాలావరకు విడి కోచింగ్ కేంద్రాల్లో కాక బడుల్లో, జూనియర్ కళాశాలల్లో మామూలు చదువుతో కలిపి సాగుతుంది. బోర్డు మీద ‘పాఠశాల’ అని ఉన్నచోట కోచింగ్ కేంద్రం నిబంధన ఎలా వర్తిస్తుందన్నది మరో చిక్కు. మా అన్నయ్య కట్టిన అడ్వాన్సు కదలకపోవడానికి కారణాలివి.

ఏడాదిన్నర తర్వాత, 2025 జూలై 25న, సుప్రీంకోర్టు దాదాపు ఇదే రంగం మీద పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని 2023లో మరణించిన కేసులో, దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూ, జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం వాటిని జారీ చేసింది. వంద లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్, మనస్తత్వవేత్త లేదా సామాజిక కార్యకర్త కనీసం ఒకరైనా ఉండాలన్నది వాటిలో ఒకటి. ఈ మార్గదర్శకాలు బడులకు, కళాశాలలకు, కోచింగ్ కేంద్రాలకు, హాస్టళ్లకు అన్నింటికీ వర్తిస్తాయి. తగిన చట్టమో నియంత్రణ వ్యవస్థో వచ్చేదాకా ఇవి చట్టంగా చెల్లుతాయని ధర్మాసనం స్పష్టంగా రాసింది. సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయసూత్రం దేశంలోని న్యాయస్థానాలన్నింటికీ శిరోధార్యమని చెప్పే 141వ అధికరణమే దీనికి ఆధారం.

పేరు రెండింటికీ మార్గదర్శకాలే. మొదటిది ‘ఇలా చేసుకుంటే బాగుంటుంది, మీరు చట్టం చేసుకోండి’ అని రాష్ట్రాలతో అంటోంది. రెండోది ‘చట్టం వచ్చేదాకా ఇదే చట్టం’ అని అందరితో అంటోంది.

కట్టడి చేసే మార్గదర్శకాల్లోనూ వాక్యానికీ వాక్యానికీ తేడా ఉంటుందన్నది ఇంకో మెలిక. మార్కులను బట్టి విద్యార్థులను వేరువేరు బ్యాచ్‌లుగా విడగొట్టరాదని పై పదిహేనింటిలో ఉంది. టాపర్ల సెక్షన్‌కు ఒక అంతస్తు, మిగిలినవారికి మరో అంతస్తు చూసి పెరిగిన మన పిల్లలకు ఇది చిన్న మాట కాదు. కానీ ఆ వాక్యంలో ‘సాధ్యమైనంత మేరకు’ అన్న ముక్క కూడా ఉంది. కౌన్సెలర్ నియామకానికి అలాంటి వెసులుబాటు మాట లేదు. వకీళ్లు ముందుగా వెతికేది ఇలాంటి ముక్కలనే.

విశాఖ తీర్పు: పదహారేళ్లు చట్టంగా నిలిచిన మార్గదర్శకాలు

కోర్టు మార్గదర్శకాలకు మూలకథ 1997 ఆగస్టు 13 నాటి విశాఖ తీర్పు. పేరు చూసి మన విశాఖపట్నం అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు గానీ, అది ఒక మహిళా సంఘం పేరు. రాజస్థాన్‌లో బాల్య వివాహాన్ని అడ్డుకున్న ఒక ప్రభుత్వ కార్యక్రమ కార్యకర్తపై 1992లో సామూహిక అత్యాచారం జరిగింది. పనిచేసే చోట స్త్రీల మీద లైంగిక వేధింపులను నిరోధించడానికి ప్రత్యేక చట్టం లేదని, ఆ ఖాళీని కోర్టే పూరించాలని కొన్ని సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ప్రధాన న్యాయమూర్తి జె.ఎస్.వర్మ నాయకత్వంలోని ధర్మాసనం లైంగిక వేధింపు అంటే ఏమిటో నిర్వచించింది. ప్రతి యాజమాన్యం ఫిర్యాదుల కమిటీ పెట్టాలని, దానికి స్త్రీయే అధ్యక్షురాలిగా ఉండాలని, సభ్యుల్లో సగానికి తగ్గకుండా స్త్రీలు ఉండాలని చెప్పింది. పార్లమెంటు చట్టం చేసేదాకా ఇవి పాటించి తీరాలంది.

పార్లమెంటు ఆ చట్టం చేసింది 2013లో. అంటే పదహారేళ్లు దేశంలో ఈ విషయం మీద నడిచింది మార్గదర్శకాల మీదనే. అవి కట్టడి చేసేవే కదా అని అందరూ పాటించారా అంటే, లేదు. చాలాచోట్ల కమిటీలే వేయలేదన్న ఫిర్యాదుతో మళ్లీ కోర్టుకు వెళితే, అమలు సరిగా లేదని గుర్తించి 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు మరోసారి ఆదేశాలివ్వాల్సి వచ్చింది. చట్టపరంగా బరువున్నంత మాత్రాన నేల మీద బరువు ఉంటుందని చెప్పలేం. చట్టంలో అయితే ఫలానా తప్పుకు ఫలానా జరిమానా అని రాసి ఉంటుంది. కోర్టు మార్గదర్శకాన్ని తప్పితే బాధితులు మళ్లీ కోర్టు మెట్లెక్కి ధిక్కరణ అనో రిట్ అనో అడగాలి.

లాక్‌డౌన్ కాగితం

ప్రభుత్వ మార్గదర్శకాలన్నీ ఉత్త సలహాలేననుకుంటే 2020 మార్చి గుర్తుకు తెచ్చుకోవాలి. ఆ నెల 24న కేంద్ర హోంశాఖ ఇచ్చిన కాగితానికి అనుబంధంగా ఉన్నవాటి పేరు కూడా మార్గదర్శకాలే. కాని ముందు పేజీలో 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జారీచేసిన ఉత్తర్వు ఉంది. ఆ చట్టం 51వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘిస్తే ఏడాది దాకా, దాని వల్ల ప్రాణనష్టమైతే రెండేళ్ల దాకా జైలు. అదే రోజుల్లో ఆయుష్ మంత్రిత్వ శాఖ వేడినీళ్లు తాగండి, కషాయం కాచుకోండి అని సూచనలిచ్చింది. తాగకపోతే ఎవరూ పట్టుకుపోరు. రెండూ ఒకే బులెటిన్‌లో, ఒకే గొంతుతో చదివారు.

అధికారాల సరిహద్దు ఎలా ఉంటుందో ఆ వారంలోనే తెలిసింది. హైదరాబాద్‌లో హాస్టళ్లు ఖాళీ చేయమనడంతో చదువుకునేవారు, ఉద్యోగాలు వెతుక్కునేవారు పోలీసు స్టేషన్ల ముందు వరుస కట్టి అనుమతి పత్రాలు తీసుకుని విజయవాడ దారి పట్టారు. ఆంధ్రప్రదేశ్ సరిహద్దు గరికపాడు దగ్గర బళ్లు ఆగిపోయాయి. పత్రమైతే చేతిలో ఉంది. కానీ ఒక రాష్ట్రం పోలీసు ఇచ్చిన అనుమతి మరో రాష్ట్రం చెక్‌పోస్టులో చెల్లాలంటే ఆ రెండో రాష్ట్రం ఒప్పుకోవాలి.

ఒక పక్షాన్నే కట్టిపడేసేవి

సలహాకూ చట్టానికీ మధ్య మూడో రకం ఒకటుంది. ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకునేది దీన్నే. ఆదాయపు పన్ను శాఖలో పైబోర్డు తన అధికారులకు సర్క్యులర్లు ఇస్తుంది. 2026 మార్చి దాకా అమల్లో ఉన్న 1961 చట్టంలో 119వ సెక్షన్ ఆ అధికారం ఇచ్చింది, దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ అధికారం ఉంది. ఆ సర్క్యులర్ కింది అధికారిని కట్టిపడేస్తుంది, పన్ను కట్టేవారిని మాత్రం కట్టదు. ఒక సెక్షన్‌కు శాఖ ఇచ్చిన వ్యాఖ్యానం మీకు అనుకూలంగా ఉంటే, ‘మీ బోర్డే ఇలా అంది’ అని అధికారిని నిలదీయవచ్చు. ప్రతికూలంగా ఉంటే, ‘చట్టంలో అలా లేదు’ అని ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. కోర్టు ఆ సర్క్యులర్‌కు తలవంచాలని లేదు. చట్టం అర్థమేమిటో తేల్చేది కోర్టేనని, తన తీర్పుకు విరుద్ధంగా ఉన్న సర్క్యులర్ చెల్లదని సుప్రీంకోర్టు 2008లో రాజ్యాంగ ధర్మాసనం ద్వారా చెప్పింది. ‘శాఖ వెబ్‌సైట్‌లో ఉంది కాబట్టి అంతే’ అని చేతులెత్తేసేవారికి ఈ సంగతి తెలిస్తే కొంత మేలు.

మార్గదర్శకాల పాలన మంచిదేనా: రెండు వాదనలు

మార్గదర్శకాలతో పని జరపడాన్ని సమర్థించేవారి మాట కొట్టిపారేయదగ్గది కాదు. చట్టం చేయాలంటే బిల్లు, కమిటీ, రెండు సభలు, రాష్ట్రపతి ఆమోదం, ఆపైన నియమాలు కావాలి. మహమ్మారి అన్నాళ్లు ఆగదు. ఒక పథకంలో లబ్ధిదారుల ఎంపిక ఎలా ఉండాలన్నది మొదటి ఏడాది అనుభవాన్ని బట్టి మార్చుకోవాల్సి వస్తుంది, దానికి ప్రతిసారీ శాసనసభకు వెళ్లలేం. ఇక కోర్టుల విషయానికొస్తే, చట్టసభ దశాబ్దాల తరబడి మౌనంగా ఉన్నచోట బాధితులకు దిక్కెవరు అన్నది వారి ప్రశ్న. విశాఖ మార్గదర్శకాలే లేకపోతే 1997 నుంచి 2013 దాకా ఉద్యోగినులకు చూపించుకునే కాగితమంటూ ఉండేది కాదు. అరెస్టు చేసేటప్పుడు పోలీసులు పాటించాల్సిన పద్ధతుల మీద 1996 డిసెంబరులో డి.కె.బసు కేసులో ఇచ్చిన నిబంధనలు తర్వాత నేర విచారణ స్మృతిలోకే ఎక్కాయి.

వ్యతిరేకించేవారి వాదన అధికార విభజన దగ్గర మొదలవుతుంది. చట్టం చేసేవారిని జనం ఎన్నుకుంటారు, నచ్చకపోతే దించుతారు. న్యాయమూర్తినో కార్యదర్శినో దించే వీలు వారికి లేదు. కోర్టులు పరిపాలనలోకి, శాసనంలోకి చొరబడకూడదని సుప్రీంకోర్టులోని ఒక ధర్మాసనమే 2007లో ఆరావళి గోల్ఫ్ క్లబ్ కేసులో గట్టిగా హెచ్చరించింది. కోర్టు ఇచ్చిన మార్గదర్శకం హద్దు దాటిన సందర్భమూ ఉంది. భర్త, అత్తింటివారి క్రూరత్వం మీద పెట్టే 498ఏ ఫిర్యాదులను ముందుగా కుటుంబ సంక్షేమ కమిటీలకు పంపాలని 2017లో ఒక ధర్మాసనం ఆదేశిస్తే, చట్టంలో లేని వ్యవస్థను అలా సృష్టించడం తగదని 2018లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ భాగాన్ని తీసేసింది. ప్రభుత్వ మార్గదర్శకాల మీద ఉన్న అభ్యంతరం వేరు. నిన్నటిది రేపటికి మారిపోవచ్చు. చట్టం మారితే శాసనసభలో చర్చయినా ఉంటుంది. మెమో మారితే మండలాఫీసులో గుమస్తా చెప్పేదాకా తెలియదు.

నా మటుకు నాకు రెండో వాదనలో ఈ చివరి ముక్క ఎక్కువ బరువైనదనిపిస్తుంది. సామాన్యుడు దెబ్బతినేది అధికార విభజన సిద్ధాంతం దగ్గర కాదు, ఏ కాగితం ఇప్పుడు చెల్లుతోందో తెలియకపోవడం దగ్గర.

కంపెనీ గైడెన్స్: చెప్పినవారే తప్పగలిగేది

ఇంతవరకు చూసినవి ఒకరు చెబితే మరొకరు నడవాల్సినవి. మార్కెట్లో గైడెన్స్ అంటే అర్థం తిరగబడుతుంది. ఇక్కడ చెప్పేవారు తమ నడక గురించే తాము చెప్పుకుంటారు. రాబోయే ఏడాది ఆదాయం ఇంత శాతం పెరగవచ్చని కంపెనీ యాజమాన్యం వేసే అంచనాను గైడెన్స్ అంటారు. ఇవ్వాలన్న నిర్బంధం లేదు. ఇన్ఫోసిస్ ఇస్తుంది, టీసీఎస్ ఇవ్వదు.

2023 ఏప్రిల్‌లో ఇన్ఫోసిస్, 2023-24 ఆర్థిక సంవత్సరానికి తన ఆదాయం స్థిర కరెన్సీ ప్రాతిపదికన 4 నుంచి 7 శాతం పెరుగుతుందని చెప్పింది. స్థిర కరెన్సీ అంటే డాలరు, యూరో విలువల ఒడిదుడుకులను పక్కనపెట్టి లెక్కకట్టడం. జూలైలో దాన్ని 1 నుంచి 3.5 శాతానికి తగ్గించింది. అక్టోబరులో 1 నుంచి 2.5 అంది. మరుసటి జనవరిలో 1.5 నుంచి 2 అంది. చివరికి తేలింది 1.4 శాతం. అంతకుముందు ఏడాది ఆదాయం సుమారు 1,820 కోట్ల డాలర్లు. మొదట చెప్పిన దాంట్లో కింది అంచు అయిన 4 శాతంతో పోల్చినా 2.6 శాతం, అంటే దాదాపు 47 కోట్ల డాలర్లు తక్కువ వచ్చింది.

మాట తప్పినట్టా? చట్టం దృష్టిలో కాదు. నిజాయితీగా వేసిన అంచనా తప్పడం మోసం కాదు. అమెరికాలో 1995 నాటి చట్టం, తగిన హెచ్చరికలతో చెప్పిన భవిష్యత్తు అంచనాలకు ప్రత్యేక రక్షణ కూడా కల్పించింది. తెలిసి తెలిసి తప్పుడు అంచనా చెబితే అది వేరే సంగతి. అయితే శిక్ష వేరే దారిలో పడుతుంది, షేరు ధర రూపంలో. గైడెన్స్ తగ్గించిన మరునాడు, 2023 జూలై 21న, ఇన్ఫోసిస్ షేరు సుమారు 8 శాతం పడిపోయింది. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసేవారికి ఆ అంకె షేరు ధర కంటే దగ్గరి విషయం. గైడెన్స్ తగ్గిందంటే జీతాల పెంపు, కొత్త నియామకాలు వెనకబడతాయేమోనన్న గుబులు పుడుతుంది.

రిజర్వు బ్యాంకు మాట: పంచాంగ శ్రవణమా, భీష్మ ప్రతిజ్ఞా?

కేంద్ర బ్యాంకులు వడ్డీరేట్ల గురించి ముందే ఇచ్చే సంకేతాలను ఫార్వర్డ్ గైడెన్స్ అంటారు. ఇవి రెండు రకాలని 2012లో కొందరు అమెరికన్ ఆర్థికవేత్తలు గ్రీకు పురాణాల పేర్లు పెట్టి విడదీశారు. మన పురాణాలే చాలు. మొదటిది ఉగాదినాటి పంచాంగ శ్రవణం: గ్రహస్థితి ఇలా ఉంది కాబట్టి వానలు ఇలా ఉంటాయని చెబుతారు, గ్రహాలు మారితే ఫలితం మారుతుంది. రెండోది భీష్మ ప్రతిజ్ఞ: పరిస్థితి ఎలా మారినా నేను మాత్రం కదలనని చెప్పడం. మొదటిది అంచనా, రెండోది కట్టుబాటు. చిక్కంతా ఎక్కడంటే, చెప్పేవారు మొదటిదిగా చెబుతారు, వినేవారు రెండోదిగా వింటారు.

2020 అక్టోబరు 9న రిజర్వు బ్యాంకు, ‘అవసరమైనంత కాలం, కనీసం ఈ ఆర్థిక సంవత్సరంలోనూ, వచ్చే ఆర్థిక సంవత్సరంలోకీ’ సర్దుబాటు ధోరణి, అంటే వడ్డీరేట్లను తక్కువగా ఉంచే ధోరణి, కొనసాగిస్తామంది. రెపో రేటు, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీ, అప్పుడు 4 శాతం. ఆ ధైర్యంతో చాలామంది ఇళ్లు కొన్నారు. 2022 మే 4న, మామూలు సమావేశాల వరుసలో లేని రోజున, రేటును ఒక్కసారిగా 0.40 శాతం పెంచింది. 2023 ఫిబ్రవరికి అది 6.50కి చేరింది. ఉదాహరణకు 30 లక్షల రూపాయల ఇంటి అప్పు, ఇరవై ఏళ్ల గడువు, 6.7 శాతం వడ్డీ అనుకుంటే నెల వాయిదా సుమారు 22,720 రూపాయలు. వడ్డీ 9.2 శాతమై, గడువు, అసలు మారవనుకుంటే వాయిదా సుమారు 27,380. నెలకు 4,600 రూపాయలకు పైగా అదనం. చాలా బ్యాంకులు వాయిదా పెంచకుండా గడువును సాగదీశాయి కనుక ఈ దెబ్బ వెంటనే అందరికీ తెలియలేదు.

రిజర్వు బ్యాంకు మాట తప్పిందా అంటే, అక్షరాలు చూస్తే లేదు. ‘వచ్చే ఆర్థిక సంవత్సరం’ 2022 మార్చితో ముగిసింది. ద్రవ్యోల్బణం లక్ష్యంలో ఉండేలా చూస్తూనే అన్న షరతు కూడా అదే ప్రకటనలో ఉంది. కానీ గృహరుణం ఇరవై ఏళ్లు నడుస్తుంది, ఆ హామీ నడిచింది ఏడాదిన్నర.

గైడెన్స్ వాల్యూ, యూఏ సర్టిఫికెట్టు, క్షిపణి

బెంగళూరులో ఇల్లు కొనే తెలుగువారికి మొదట వినిపించే మాట గైడెన్స్ వాల్యూ. మన దగ్గర దీన్నే రిజిస్ట్రేషన్ మార్కెట్ విలువ అంటాం. స్టాంపు డ్యూటీ కోసం ప్రభుత్వం ప్రాంతాల వారీగా కట్టిన కనీస ధర ఇది. ఫ్లాటును 80 లక్షలకు కొన్నారు, గైడెన్స్ వాల్యూ ప్రకారం 90 లక్షలు అయితే, 5 శాతం స్టాంపు డ్యూటీ 90 లక్షల మీద లెక్కిస్తారు, అంటే 4 లక్షలకు బదులు 4.5 లక్షలు. కోటికి కొంటే కోటి మీద కట్టాలి. పేరుకు గైడెన్స్, పనికి మాత్రం అంతకు దిగనివ్వని గట్టు. అయినా అది ఆఖరి మాట కాదు. అసలు విలువ తక్కువని వాదించుకోవడానికి జిల్లా రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లే దారి ఉంది.

సినిమా సంగతి దీనికి సరిగ్గా ఎదురు. 2023 సవరణ తర్వాత యూఏ సర్టిఫికెట్టును 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. ఆ వయసు గుర్తు తల్లిదండ్రులు ఆలోచించుకోవడానికే తప్ప, వారు కాక మరెవరూ దాన్ని అమలు చేయరాదని చట్టమే చెబుతోంది. థియేటర్ గేటు దగ్గరుండే ఉద్యోగి పదేళ్ల పిల్లను పెద్దలకు మాత్రమే అన్న ‘ఏ’ సర్టిఫికెట్టు సినిమాకు రాకుండా ఆపాలి. 16+ సినిమాకు మాత్రం నాన్న చేయి పట్టుకుని వస్తే ఆపడానికి లేదు. మార్గదర్శనం అన్న మాట దాని పుట్టింటి అర్థంలో నికరంగా మిగిలిన చట్టం ఇదొకటి.

మరో కొసన యంత్రం ఉంది. 1983లో మొదలైన సమీకృత గైడెడ్ క్షిపణి అభివృద్ధి కార్యక్రమానికి హైదరాబాద్‌లోని ప్రయోగశాలలే కేంద్రం. ఇంజినీర్ల భాషలో, ‘నేనెక్కడున్నాను’ అన్నది నావిగేషన్, ‘ఎటు వెళ్లాలి’ అన్నది గైడెన్స్, రెక్కలను కదిపి ఆ వైపు తిప్పేది కంట్రోల్. ఆకాశ్ క్షిపణికి నేల మీది రాడార్ చూసి దారి చెబుతుంటుంది. నాగ్‌ను ఒకసారి వదిలితే తన కన్నుతోనే లక్ష్యాన్ని వెంటాడుతుంది. రెండింటికీ వద్దనే వీలు లేదు.

తిరిగి మనుషుల దగ్గరికి

వృత్తి మార్గదర్శనం అనే ఆలోచనకు వ్యవస్థ రూపం ఇచ్చినది అమెరికాలోని బోస్టన్ నగరంలో 1908లో ఫ్రాంక్ పార్సన్స్ పెట్టిన కార్యాలయం. ముందు నిన్ను నువ్వు తెలుసుకో, తర్వాత వృత్తుల సంగతి తెలుసుకో, ఆపైన రెండింటినీ జతచేసి చూసుకో అన్నది ఆయన పద్ధతి. ఎంచుకోవాల్సింది వచ్చినవాడే, కార్యాలయం కాదు. మన ఇళ్లలో గైడెన్స్ అంటే చాలాసార్లు మూడోది ముందు జరిగిపోతుంది. ఎంపీసీనా బైపీసీనా అన్నది పిల్లవాడి తొమ్మిదో తరగతిలోనే తేలిపోతుంది. ఆ తర్వాత కావలసింది ఏ క్యాంపస్ మంచిదన్న సమాచారమే.

సుప్రీంకోర్టు 2025 మార్గదర్శకాల్లో ఈ విషయం మీదా ఒకటుంది. విద్యాసంస్థలు విద్యార్థులకే కాక వారి తల్లిదండ్రులకూ క్రమం తప్పకుండా కెరీర్ కౌన్సెలింగ్ ఏర్పాటు చేయాలని, చదువుల్లో, వృత్తుల్లో ఉన్న వేర్వేరు దారులను వారికి తెలియజేయాలని అంది. సంస్థకు అది చేసి తీరాల్సిన పని. విన్న సలహా పాటించాలా వద్దా అన్నది మాత్రం విన్నవారి ఇష్టం. ఈ మధ్య నరసరావుపేట వెళ్లినప్పుడు మా అన్నయ్యకు ఈ సంగతి చెప్పాను. కొడుకు ఇప్పుడు పదో తరగతికి వచ్చాడు. “అయితే ఈసారి అది కట్టుబడాల్సినదేనా?” అని అడిగాడు. కాలేజీ వాళ్లు కట్టుబడాలి, నువ్వు వెళ్లి కూర్చుని వినాలి అన్నాను. “మరి వాడు?” అంటూ లోపలి గదివైపు చూశాడు.